దాన వినిమయ విక్రయాదులు

పుంగనూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర రేకుల పందిరి కింద నాలుగు బల్లలుండేవి. మూడు బల్లల దగ్గర మనుషులు కూచుని దస్తావేజులు రాసేవాళ్లు. నాలుగో బల్ల దగ్గర లక్ష్మీపతి కూచునేవాడు. ఆయన రాసేదీ దస్తావేజులే. అయితే ఆయన రాస్తూంటే చూసినవాళ్లకు భూమండలాన్ని మళ్లీ మొదటినుంచీ కొలిచి ఎవరిది వాళ్లకు పంచిపెడుతున్నట్టు ఉండేది. ఆయనకూ అట్లాగే ఉండేది.

మనిషి వచ్చి బల్ల ముందు కూలబడక ముందే “హద్దులు చెప్పు” అనేవాడు. పేరూ ఊరూ తరవాత. ఆయన లెక్కలో మనిషి అంటే తూర్పు, పడమర, దక్షిణం, ఉత్తరం మధ్య ఇరుక్కుపోయిన ఒక సంతకం. నూనె వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టి, ఎస్సెల్సీ చదివి, నూనె అంటని పని కోసం వెతికి, ఇరవై నాలుగేళ్లకే లైసెన్సు తీసుకున్నాడు. అప్పటినుంచీ ఆయన రాసిన పత్రంలో తప్పు పట్టినవాడు లేడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెప్పేవాడు.

ఆయన న్యాయబుద్ధికి సొంత ఇల్లే సాక్ష్యం. 1969లో అన్న వెంకటరమణతో వాటాలు పడినప్పుడు పత్రం తనే రాశాడు. ఇంచీ అటూ ఇటూ కాకుండా నడిమధ్య గోడ లేచింది. ఆ గోడ వంటింట్లోంచి పోయింది. రుబ్బురోలు అన్న వాటాలో పడింది, దాని పొత్రం తమ్ముడి వాటాలో పడింది. పత్రం ప్రకారం అది సక్రమం. ఆనాటినుంచీ రెండిళ్లలోనూ దోసె లేదు. భార్య వరలక్ష్మి ఈ విషయం అడగబోతే “హోటలుంది గదా” అన్నాడు. ఆమె మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు నెలల్లో ఆయన చేతిరాత ఇంకా గుండ్రంగా తిరిగిందని చెప్పుకునేవాళ్లు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి 1986 ఆషాఢంలో చౌడేపల్లె బస్సు దిగి ఏడుగురు వరసగా నడిచొచ్చారు. ముందర చెంగమ్మ. అరవై ఏళ్ల మనిషి, మొగుడు పోయి పదేళ్లయింది, ఐదెకరాల మెట్టచేను ఒంటిచేత్తో సాగుచేస్తున్న రైతు. మాట మొదలుపెడితే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆమె వెనక సుబ్రహ్మణ్యం అయివారు, మదనపల్లెలో ప్రకృతిశాస్త్రం చెప్పి రిటైరయినాయన. చివర ఈశ్వరప్ప, రెండెకరాల ఆసామి. ఆ రెండెకరాల్లో ఒకటిన్నర ఎకరం నల్లబండ. మిగిలిన నలుగురూ ఆ చుట్టుపక్కల చేన్లవాళ్లే. మాటలన్నీ చెంగమ్మే మాట్లాడుతుంది కాబట్టి వాళ్లు ఊరికే తలలూపే పని మీద వచ్చారు.

“హద్దులు చెప్పండి,” అన్నాడు లక్ష్మీపతి.

“బయట హద్దులు సెప్తాం. లోపల లేవు.”

“లోపల లేకపోతే ఎవరి చేను యాడుందో ఎట్ల తెలుస్తాదమ్మా?”

“తెలీకూడదనే గదప్పా నీ కాడికొచ్చింది!”

లక్ష్మీపతి కలం కింద పెట్టాడు. బతికున్న మనిషి ఆయన ముందర అంత అసభ్యమైన మాట అనటం అదే మొదటిసారి.

అయివారు సర్దిచెప్పబోయాడు. ఆస్ట్రేలియాలో ఎవరో కనిపెట్టిన సేద్యం ఒకటుందట. దుక్కి ఉండదు. చెట్టూ చేమా పైరూ తీగా అన్నీ కలిపే పెంచుతారు. పడిన వాన పడినచోటే ఇంకాలి. ఆ చేన్లన్నిటికీ ఎగువన ఈశ్వరప్ప బండ ఉంది. దానిమీద కురిసిన నీళ్లు ఇన్నాళ్లూ ఎటో పోతున్నాయి. నేల వాటం ప్రకారం వంపుగా కాలవలు తీస్తే ఏడు చేన్లకూ సరిపోతాయి. నీళ్లకు గట్లూ గెనిమలూ తెలియవు కాబట్టి చేన్ల మధ్య గెనిమలు తీసెయ్యాలి. గెనిమలు తీసేస్తే ఎవరిది ఏదో ఉండదు. కాబట్టి భూమి అంతా ఏడుగురిదీ.

“దున్నరా?” అన్నాడు లక్ష్మీపతి.

“దున్నం.”

ఆయన పక్కబల్ల చెంగల్రాయుడి వైపు తిరిగాడు. “దున్నరంట!” అన్నాడు. పందిరంతా నవ్వింది. చెంగమ్మ పందిరి వైపు ఒకసారి చూసింది. పందిరి ఆగింది.

“రాసుకో,” అంది. “ఎవురూ అమ్మకూడదు. కుదవ పెట్టకూడదు. పంచమని అడక్కూడదు. పొయ్యేవాళ్లు ఉత్త సేతుల్తో పోవల్ల. అందరికీ సమానం. బండోడికి గూడా సమానమే.”

“బండకూ, నీ ఐదెకరాలకూ సమానమా?”

“బండ లేకపోతే నా ఐదెకరాలు దుమ్మే గదా. నీకు రాసేది తెల్సు, వానెట్ల పడతాదో తెలీదు.”

“రేపు మీరే కొట్టుకుంటారు సూడండి.”

“కొట్టుకుంటాం. కొట్టుకునేదానికి హద్దులు యాల?”

నాలుగు రోజులు రాశాడు లక్ష్మీపతి. పళ్లు కొరుకుతూ రాశాడు. ఈ ఏడుగురూ రేపు తలలు పగలగొట్టుకుని వస్తే, ‘నేను రాసింది మాత్రం గట్టిదే’ అని చూపించడానికి సిమెంటు పోసినట్టు రాశాడు. అందులో పదకొండో షరతు ఆయన జీవితంలోకెల్లా గొప్ప గద్యం. “సదరు ఏడుగురిలో ఎవ్వరు గానీ, వారి వారసులు గానీ, ఏ కాలమందైననూ సదరు భూమిని భాగింపుమని కోరుటకు గానీ, అన్యులకు విక్రయించుటకు గానీ ఎట్టి హక్కునూ కలిగియుండరు.” చీమ కూడా దూరలేదు అందులో.

ఆ తరవాత ఒక వాక్యం మిగిలింది. అది ఆయన రాసింది కాదు. ప్రతి దస్తావేజు చివరా ఉండే వాక్యం. నాలుగో రోజు సాయంత్రం చౌడేపల్లె బస్సు హారను కొడుతూంటే, అయివారు తొందరపడుతూంటే, చెంగమ్మ గొణుగుతూంటే, లక్ష్మీపతి వాళ్లకేసి చిరాకుగా చూస్తూంటే, ఆయన చెయ్యి దారి తెలిసిన ఎద్దులాగా తనంతట తాను రాసుకుపోయింది. “కావున సదరు భూమిని దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా సర్వస్వతంత్రులై సుఖమున అనుభవించుకొనవలయును.”

అంటే దానం చెయ్యొచ్చు, మారకం వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

అయివారు పత్రం పైకి చదివి వినిపించాడు. పదకొండో షరతు దగ్గర అందరూ చెవులు నిక్కబొడుచుకున్నారు. చివరి వాక్యం మొదలుకాగానే లేచి బట్టలు దులుపుకున్నారు. ఆ వాక్యం వినబడిందంటే పత్రం అయిపోయిందని అర్థం. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఆ తాలూకాలో పుట్టిన ఏ మనిషికీ తోచలేదు. ఆస్ట్రేలియా సేద్యం అర్థమయిన అయివారికీ తోచలేదు. చెంగమ్మ అయితే మొదటిసారీ చివరిసారీ ఆయన్ని మెచ్చుకుంది.

“ఆ సివరి మాట బాగుండాదప్పా. మా నాయన పత్రంలో గూడా అట్లే ఉన్నింది.”

రెండేళ్లు కావచ్చింది. గెనిమలు పోయాయి. వంకర కాలవలు వచ్చాయి. ఎండాకు తెచ్చి నేలంతా కప్పారు. దాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ‘చెత్తతోట’ అన్నారు. ఆ పేరు పెట్టింది లక్ష్మీపతే. పుంగనూరులో కూచుని, చూడని తోటకు పేరు పెట్టడం ఆయనకే చెల్లింది. పెద్దపంజాణి నుంచి ఎవరైనా వాటాల పత్రానికొస్తే, “తగాదా ఎందుకప్పా, ఆ చెత్తతోటోళ్ల మాదిరి అందరూ ఒకే కంబళి కప్పుకోండి” అని నవ్వించేవాడు.

ఆ రెండేళ్లలోనే కుప్పం, శాంతిపురం వైపు నల్లరాతికి గిరాకీ పుట్టింది. కొండను చూసి దండం పెట్టేవాళ్లు తగ్గి కొలతలు వేసేవాళ్లు ఎక్కువయ్యారు. 1988 మాఘంలో ఒకనాడు పందిరి ముందర జీపు ఆగింది. అందులోంచి కుప్పం క్వారీ ఆసామి కుప్పుస్వామి దిగాడు. వెనకనే ఈశ్వరప్ప దిగాడు. కొత్త చెప్పులు వేసుకున్నాడు.

“ఏమన్నా, నీ రాతకు కోర్టులో ఎదురు లేదంటనే?” అన్నాడు కుప్పుస్వామి.

“కోర్టు దాకా పోనే లేదు.”

“ఈసారి పోతాది. గెలుస్తాది. నువ్వొచ్చి, రాసింది రాసినట్టే అంటే సాలు.”

ఈశ్వరప్ప నకలు తీసి బల్లమీద పరిచాడు. చదువు రాదు గానీ, ఎవరో చూపించిన చోట వేలు పెట్టి ఉంచాడు. “నా బండ నేను అమ్ముకుంటా. విక్రయాది! ఈడుండాది సూడు. విక్రయాది!” ఆ ఒక్కమాట నేర్చుకోవడానికి ఆయన చాలా శ్రమపడినట్టుంది.

“పదకొండో షరతుంది గదా,” అన్నాడు లక్ష్మీపతి, ఇంకా ధీమాగానే.

“దానికిందది సదువన్నా,” అన్నాడు కుప్పుస్వామి తియ్యగా.

చదివాడు. తన గుండ్రటి అక్షరాలు, తన సిరా. తన చేతిరాత తన ముందు కూచుని తనను వెక్కిరించడం ఆయనకు కొత్త. మళ్లీ చదివాడు. రెండోసారికి కూడా అది మారలేదు.

“నా రాతే,” అన్నాడు చివరికి. కుప్పుస్వామి జీపెక్కాడు.

మర్నాడు చెంగమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆమె కేకలు రిజిస్ట్రారు గారి గది దాకా వినబడ్డాయని అటెండరు చెప్పాడు, వినబడకపోతే బాగుండేదన్నట్టు.

“ఏమప్పా లక్ష్మీపతీ! పదకొండోదాంతో తలుపేసి, పన్నెండోదాంతో తీసి పెట్టినావే! తప్పు రాసినానని ఒప్పుకో.”

“నేను తప్పు రాయను.”

“అయితే కావాలనే రాసినావు.”

“కావాలనీ రాయలేదు.”

“తప్పూ గాదు, కావాలనీ గాదు. మరి దయ్యం రాసిందా?”

“చదివి వినిపించినప్పుడు ఏం చేస్తాన్నావు? బాగుండాది అన్నింది ఎవరు?”

“నేనే. నువ్వు రాసిందాన్ని బాగుండాది అన్న నోరిది. దీన్ని కడుక్కుంటాలే. నీ సెయ్యి ఏం జేసుకుంటావో సూసుకో!”

సవరణ పత్రం రాసుకుందామంటే ఈశ్వరప్ప వేలిముద్ర కావాలి. ఆయన వేలు ఇప్పుడు కుప్పుస్వామి జీపులో తిరుగుతోంది. మిగిలిన ఆరుగురూ మదనపల్లె కోర్టులో దావా వేశారు, ఆ చివరి వాక్యం పొరపాటున పడింది, కొట్టెయ్యండి అని. వాళ్ల వకీలు ఉన్నమాట చెప్పాడు: రాసినాయన బోనెక్కి ‘ఇది నా తప్పు’ అంటేనే వాక్యం పోతుంది. అనకపోతే బండ పోతుంది.

ఈ కబురు తెలిసి లక్ష్మీపతి మూడు రోజులు ఆలోచించాడు. ఆ భూమి ఏడు ముక్కలుగా తెగుతుందని తేలితే ఎవరికీ నష్టం లేదు. ఈశ్వరప్ప ముక్క ఈశ్వరప్పకు, వాళ్ల ముక్కలు వాళ్లకు, తన పేరు తనకు. తెగని భూమిని ఆయన ఇంతవరకూ చూడలేదు. నాలుగో రోజు పాత సర్వే పటం చంకన పెట్టుకుని చౌడేపల్లె బస్సెక్కాడు.

పటంలో గెనిమలు ఉన్నాయి. నేలమీద లేవు. ఉత్తరపు మూల నుంచి నూట నలభై అడుగులు వేస్తే చెంగమ్మ పాత హద్దు తగలాలి. అరవై దాకా వచ్చేసరికి కందిచెట్టు అడ్డమొచ్చింది. కంది మీద అనపతీగ, తీగ కింద గుమ్మడిపాదు, పాదు పక్కన సీతాఫలం మొక్క. ఏది ఎవరి మీద పాకుతోందో దేనికీ పట్టింపు లేదు. చుట్టు తిరిగి వచ్చేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. రెండోసారి డెబ్భై రెండో అడుగు కాలవలో పడింది. ఆయన కూడా పడ్డాడు.

“ఎవుర్రా అది కందిలో?”

గట్టుమీద చెంగమ్మ, చేతిలో కొడవలి. కిందికి చూసింది. “నువ్వా,” అంది, పందిని అనుకుని మనిషి దొరికినందుకు నిరాశపడినట్టు.

“హద్దులు సూస్తాండా.”

“దొరికినాయా?”

ఆయన పంచె దులుపుకున్నాడు. పంచెకు తడి అంటింది. వానలు ఆగి మూడు నెలలయింది. కాలవ అడుగున మన్ను ఇంకా చెమ్మగానే ఉంది. ఇది గమనించడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

“అదో బండ,” అంది చెంగమ్మ కొడవలితో చూపిస్తూ. “దాని మీద పడిన నీళ్లు నువ్వు పడిన దాంట్లోకి దిగుతాయి. ఆడినించి ఏడు చేన్లూ తిరుగుతాయి. బండ పగలగొట్టినాక ఈ కాలవల్లో మేం పడుకునేదే. సంకలో పటం ఉండాది గదా? తియ్యి. యాడ గీస్తావో గియ్యి నీ గీత. నేనేం అడ్డం రాను.”

ఆయన పటం తీశాడు. నేలవంక చూశాడు. పటం వంక చూశాడు. ఎక్కడ గీసినా ఆ గీత కాలవను నరుకుతోంది. కాలవ నరికితే ఆ కింద ఉన్నదంతా ఉత్త కాగితం. పటం మళ్లీ మడిచాడు.

“తప్పని సెప్పేదానికి వచ్చినావా?”

“లేదు.”

“అయితే పో.”

“తాగేదానికి నీళ్లుండాయా?”

“ఉండాయి. నీకు గాదు.”

బస్సు వచ్చేదాకా గంటన్నర ఎండలో నిలబడ్డాడు. ఆ గంటన్నరలో ఆమెను ఎన్ని తిట్టుకున్నాడో చెప్పలేం గానీ, మనసులో కూడా వ్యాకరణదోషం లేకుండా తిట్టుకున్నాడని చెప్పవచ్చు.

విచారణ రోజు మదనపల్లె కోర్టు హాలు నిండింది. పుంగనూరు పందిరిలోని మూడు బల్లలూ ఆ పూట మూతపడ్డాయి. చెంగల్రాయుడు అందరికంటే ముందు వచ్చి కూచున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఎదురుచూస్తున్న రోజది.

ఈశ్వరప్ప తరఫు వకీలు చాలా మర్యాదస్తుడు.

“లక్ష్మీపతి గారూ, మీ పత్రంలో తప్పుందని ఇంతవరకూ ఏ కోర్టయినా అన్నదా?”

“అనలేదు.”

“ఈ దావాకు ముందు ఎవరైనా అన్నారా?”

“అనలేదు.”

“అంటే మీరు తప్పు రాయరు. అంతేనా?”

‘అంతే’ అంటే చాలు. రెండక్షరాలు. పేరు నిలుస్తుంది, చెంగల్రాయుడి మొహం మాడుతుంది, నీళ్లివ్వని మనిషికి తగిన శాస్తి జరుగుతుంది. లక్ష్మీపతి హాలు వైపు చూశాడు. ముందు బెంచీలో అయివారు చేతులు పిసుక్కుంటున్నాడు. పక్కన చెంగమ్మ నిటారుగా కూచుని ఆయన వంకే చూస్తోంది. ఆ చూపులో బతిమాలటం రవ్వంత కూడా లేదు. ఉంటే ఆయన ‘అంతే’ అనేసి దిగిపోయేవాడే. ఆమె చూపు ‘నీకు ఒప్పుకునే మొహం యాడుంది’ అన్నట్టుంది. లక్ష్మీపతికి ఒళ్లు మండింది.

“రాశాను,” అన్నాడు.

వకీలు తడుముకున్నాడు. “ఏది?”

“ఇదే. చివరి వాక్యం. తప్పు.”

“వాళ్లు చెబితేనే కదా రాశారు?”

“ఎవరూ చెప్పలేదు. వాళ్లు చెప్పింది అమ్మకూడదని. అది నాలుగు రోజులు రాశాను. అమ్ముకోవచ్చని రాసింది నా చెయ్యి.”

“చెయ్యి!” అన్నాడు వకీలు. హాలు నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆయన మెత్తగా అడిగాడు. “అంటే మీరు అర్థం చూడకుండానే రాస్తారన్నమాట. ఈ ఒక్క పత్రంలోనేనా? అన్నిట్లోనూనా?”

ఇది ఉరి అని లక్ష్మీపతికి తెలుసు. ‘ఈ ఒక్కదాంట్లోనే’ అంటే ఎవరూ నమ్మరు, వాక్యం నిలుస్తుంది. ‘అన్నిట్లోనూ’ అంటే రేపటినుంచి బల్ల ముందర కాకి కూడా వాలదు. చెంగల్రాయుడు బెంచీ మీద ముందుకు వంగాడు.

“ఆ వాక్యం వరకూ అన్నిట్లోనూ,” అన్నాడు లక్ష్మీపతి. “ఇరవై ఎనిమిదేళ్లుగా. కాగితం లేకుండా ఇప్పుడు చెప్పమన్నా చెప్తాను. నిద్రలో లేపినా చెప్తాను. ఏం చెప్తున్నానో ఒక్కసారి కూడా వినలేదు.”

జడ్జీ గారు తలెత్తారు. “ఎన్ని పత్రాలుంటాయి?”

“లెక్కపెట్టలేదండీ. పుంగనూరు తాలూకా సగం ఉంటుంది.”

తీర్పు రావడానికి ఐదు నెలలు పట్టింది. చివరి వాక్యం పొరపాటున పడింది, దాన్ని తొలగించి సవరణ పత్రం రాయించుకోవాలి, బండ ఏడుగురిదీ అని వచ్చింది. ఈశ్వరప్ప కోర్టు మెట్ల మీదే చెంగమ్మను తిట్టాడు. ఆమె వడ్డీతో సహా తిరిగి తిట్టింది. కుప్పుస్వామి అప్పటికే శాంతిపురంలో ఇంకో బండ చూసుకున్నాడు.

ఆ ఐదు నెలలూ లక్ష్మీపతి బల్ల ముందుకు కొత్తవాళ్లు రాలేదు. పాతవాళ్లు వచ్చారు. ట్రంకుపెట్టెల్లోంచి పత్రాలు తీసుకుని వచ్చారు. “అప్పా, మాది నువ్వు రాసినావా, నీ సెయ్యి రాసిందా?” అని అడిగి, జవాబు వినకుండానే పక్కబల్లకు పోయారు. చెంగల్రాయుడు ఇప్పుడు “హద్దులు చెప్పు” అనడం నేర్చుకున్నాడు. ఇంట్లో వరలక్ష్మి అన్నం పెడుతూ, “నువ్వే వడ్డించుకుంటావా, నీ సెయ్యికి సెప్పనా?” అంది. పందొమ్మిదేళ్ల తరవాత ఆమె ఆయనతో వేళాకోళమాడటం అదే మొదలు. ఆయన దాన్ని ఆ లెక్కలో వేసుకోలేదు.

తీర్పు నకలు చేతికొచ్చిన వారానికి చెంగమ్మ పుంగనూరులో బస్సు దిగింది. వెంట అయివారున్నాడు. ఆమె పందిరి కిందికి రాగానే చెంగల్రాయుడు లేచి బెంచీ తుడిచాడు. “రామ్మా, కూచో. సవరణ పత్రమే గదా?”

ఆమె ఆయన్ని దాటుకుని వచ్చి లక్ష్మీపతి ముందర కూచుంది.

లక్ష్మీపతి ఆమె వంక చూశాడు. “చెంగల్రాయుడు పిలుస్తాండాడు,” అన్నాడు.

“ఇనబడింది. ఆయప్ప తప్పు యాడుంటాదో మాకు తెలీదు. నీది తెల్సు. రాయి.”

“కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చినావేమో అనుకున్నా.”

“యాల? కొంప కూల్చి, కూలిందని ఒప్పుకున్నందుకా?”

టీ తెప్పించాడు. అయివారు తాగాడు. ఆమె గ్లాసు అట్లాగే ఉంది. ఆయన స్టాంపు కాగితం సర్దుకుని, సిరా చూసుకుని మొదలుపెట్టాడు. “సదరు ఏడుగురు...”

“ఆగు. సదరు అంటే ఏంది?”

“సదరు అంటే... పైన చెప్పిన.”

“అయితే పైన సెప్పిన అని రాయి.”

“దస్తావేజులో సదరు అనే రాస్తారమ్మా. తాతలనాటి నుంచీ...”

“తాతలనాటి నుంచీ అనొద్దు. కోర్టులో సెప్పినావు గదా, ఏం రాస్తావో నీకే తెలీదని. తియ్యి.”

“తీస్తే భాష పాడవుతుంది!”

“పాడైతే నువ్వు ఏడువు. మా బండ మాకుంటాది.”

సదరు మీద గంటసేపు కొట్లాడుకున్నారు. అయివారు మధ్యలో ఒకసారి నోరు తెరిచి, ఇద్దరూ ఒకేసారి తన వైపు తిరిగేసరికి మూసుకున్నాడు. పందిరి కింద జనం పని మానేసి చూశారు. సాయంత్రం చౌడేపల్లె బస్సు హారను కొట్టే వేళకు నాలుగు వాక్యాలు తేలాయి. నాలుగూ చిన్నవి, మొద్దువి, గొల్లపిల్లవాడికి కూడా అర్థమయ్యేవి. తన జీవితంలో అంత వికారమైన పత్రం రాయలేదని లక్ష్మీపతి పైకే అన్నాడు.

“సంతకం పెట్టు,” అన్నాడు కలం చాపి.

చెంగమ్మ కలం ముట్టుకోలేదు. కాగితం ఆయన వైపే తోసింది.

“ఇంగోసారి సదువు,” అంది. “తొందరేం లేదు. బస్సు పోతే రేపొస్తా.”

బస్సు పోయింది. లక్ష్మీపతి కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి మాట మీద వేలు పెట్టాడు.